ఒడీల్ చెప్పిన చోటు

నా తమ్ముడు ఎల్ఫేజ్ పెళ్లికి నాలుగు రోజులుందనగా, వాడు నా వంటింట్లో కూర్చుని, నేను కాచిన కాఫీ తాగుతూ, మొహమాటమన్నది లేకుండా అడిగాడు.

"అక్కా, చీపురు కొత్తది కొనమంటావా? ఇంట్లో ఉన్నది చాలా?"

చేతిలో వేడి పెనం ఉంది. దాన్ని వాడి నెత్తిన వేయకుండా ఆపింది మేరీమాతే తప్ప నేను కాదు.

చిత్తడి నేలల మధ్య ఉన్న మా ఊరు బయూ కానార్‌లో అదొక ఆచారం. చిన్నవాళ్లకి ముందు పెళ్లయిపోతే, ఇంకా పెళ్లికాని అక్కో అన్నో ఆ పెళ్లి విందులో అందరి మధ్యా పొడుగు కర్ర చీపురొకటి పట్టుకుని ఓ పాటంతా డ్యాన్స్ చేయాలి. జనం చుట్టూ నిలబడి చప్పట్లు కొడతారు, ఈలలు వేస్తారు, "ముద్దు పెట్టు, ముద్దు పెట్టు" అని అరుస్తారు. పెద్ద చెల్లెలి పెళ్లికి నాకు ఇరవై రెండేళ్లు. నవ్వుతూ చేశాను, చీపురుకి ముద్దు కూడా పెట్టాను. చిన్న చెల్లెలి పెళ్లినాటికి ముప్పై దాటాయి. ఆ రోజూ నవ్వుతూనే చేసి, తర్వాత హాలు వెనక బీరు పెట్టెల మధ్య కూర్చుని ముక్కు ఎర్రబడేదాకా ఏడ్చాను. ఇప్పుడు నలభై ఎనిమిది. పెళ్లి చేసుకోలేదని నాకేం బెంగ లేదు. స్కూలు బస్సు నడుపుతాను, నాన్న వదిలిన పడవ ఉంది, నచ్చినప్పుడు తింటాను, నచ్చినప్పుడు పడుకుంటాను. కానీ నా బస్సెక్కే పిల్లలూ, వాళ్ల అమ్మానాన్నలూ, పెళ్లికూతురు కార్లీన్ తరఫున ఉత్తరం నుంచి దిగే ముక్కూమొహం తెలియని చుట్టాలూ చూస్తుండగా మూడోసారి చీపురుని కౌగలించుకోవడమా? నా వల్ల కాదు.

"నీ పెళ్లికి నేను రావట్లేదు," అన్నాను.

"అదేంటక్కా! అందరూ నీ డ్యాన్స్ కోసమే వస్తున్నారు."

"అందుకే రానంటున్నా."

నలభై ఏళ్లొచ్చినా వాడి మొహం చదవడం నాకు కష్టం కాదు. వాడి బుర్రలో నా చీపురు కంటే పెద్ద బాధ ఏదో ఉంది.

"కార్లీన్ వాళ్ల నాన్న దగ్గర కోతలు కోసేశానక్కా," అన్నాడు. "శుక్రవారం సాయంత్రం వాళ్లవైపు పాతికమంది దిగుతున్నారు. మా నీళ్లలో పట్టిన చుక్కల ట్రౌట్ చేప, ఆ పూటే పట్టింది, ఆ పూటే వేయించి పెడతానన్నా. ఇప్పుడు చూడు, ఊరు ఊరంతా వెతికినా ఒక్క ట్రౌట్ లేదు. ఆయనేమో ఇప్పటికే నన్ను నోటిమాటల మనిషినంటున్నాడు."

అదీ నిజమే. ఆ వసంతంలో పైనుంచి నది నీళ్లు విరగబడి వచ్చి మా చిత్తడి గడ్డిలో ఉప్పంతా పలచబడిపోయింది. ట్రౌట్‌కి ఉప్పు కావాలి, రొయ్య కావాలి, కదిలే నీళ్లు కావాలి. ఈ మూడూ ఒకచోట లేక మా పడవలన్నీ ఖాళీ పెట్టెలతో తిరిగొస్తున్నాయి. ఈస్టరు వెళ్లినా ఎవరింట్లోనూ చేప వేగిన వాసన లేదు.

"నేను పట్టుకొస్తే?" అన్నాను.

"పట్టుకొస్తే నువ్వేమడిగితే అది."

"చీపురు లేదు. శుక్రవారం నేను ట్రౌట్ తెస్తాను. శనివారం నువ్వు అందరి ముందూ నిలబడి, మా అక్కకి చీపురు లేదు అని చెప్తావు. తేలేకపోతే నోరు మూసుకుని డ్యాన్స్ చేస్తా. ఒప్పుకుంటావా?"

వాడు చెయ్యి చాచాడు. కాఫీ జిగురుతోనే చేతులు కలిపాం.

నా ధైర్యానికి కారణం ఉంది. మా నాన్న నాకు పడవతో పాటు ఒక చోటు కూడా ఇచ్చిపోయాడు. లేక్ తొర్తూ అనే మా సరస్సు చివర, చమురు కంపెనీ వాళ్లు ఎప్పుడో తవ్విన పాత కాలువొకటి వచ్చి కలిసే దగ్గర, అడుగున ఆల్చిప్పల గుట్ట ఉన్న లోతైన గుంట. నాన్న గుంట అంటాను నేను. ఎంత పాడు ఏడాదైనా అది నన్ను ఖాళీగా పంపలేదు. దాని సంగతి చెల్లెళ్లకి తెలియదు, ఎల్ఫేజ్‌కి తెలియదు, పాపాలు చెప్పుకునే గదిలో ఫాదర్‌కి కూడా చెప్పలేదు.

మా ఊళ్లో ఎవరినైనా ఏమైనా అడగొచ్చు. జీతమెంత, మీ ఆవిడ పుట్టింటికెందుకు పోయింది, ఆ పన్ను ఎప్పుడు ఊడింది, అన్నిటికీ జవాబు దొరుకుతుంది. ట్రౌట్ ఎక్కడ పట్టావని అడిగితే మాత్రం అబద్ధమే దొరుకుతుంది. దాన్ని మేం తప్పనుకోం. అడిగినవాడిదే తప్పు. అయితే ఒక్క కట్టుబాటుంది. ఎక్కడ పట్టావంటే నోటికొచ్చింది చెప్పొచ్చు, ఎన్ని పట్టావంటే ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ఒక్కటీ పడకపోతే ఒక్కటీ పడలేదనాలి. పట్టని చేపని పట్టానన్నవాడితో మా రేవులో ఎవరూ మాట కలపరు.

బుధవారం నుంచి ఆగ్నేయం గాలి పట్టింది. వెచ్చటి గాలి, సముద్రం మీంచి ఉప్పు మోసుకొచ్చే గాలి. శుక్రవారం బస్సు ఇంకొకరికి అప్పగించి, తెల్లవారుతుండగా రేవుకెళ్లాను. చూస్తే పడవలన్నీ ఇంజన్లు వేసుకుని నాకోసమే కాచుకుని ఉన్నాయి. వాళ్ల నాన్న కూతురు కదా, చేప ఎక్కడుందో దీనికి తెలుస్తుంది, దీని వెనకే పోదాం అని వాళ్ల ఆలోచన. అందరికంటే ముందు షాసాన్ అన్నదమ్ములు. ఇద్దరూ మంచివాళ్లే, కానీ దోమల్లా వదలరు.

"ఏంటి ఒడీల్, ఇవాళ ఎటు?" అన్నాడు పెద్ద షాసాన్.

ఈ ప్రశ్న వస్తుందని తెలిసి రాత్రే జవాబు వండి పెట్టుకున్నాను. వెంటనే చెప్పకూడదు. కాసేపు నసగాలి. తాడు విప్పుతున్నట్టు, వినపడనట్టు, చెప్పడం ఇష్టం లేనట్టు నటించాను.

"అది కాదు... సరేలే, ఎల్ఫేజ్ పెళ్లి కాబట్టి చెప్తున్నా. ఇంకెవరికీ చెప్పొద్దు. చచ్చిన ఓక్‌ల మడుగు."

"అక్కడా? మోకాల్లోతు నీళ్లు కూడా ఉండవుగా!"

"ఇష్టమైతే పో, లేకపోతే మానుకో. గట్టు వెంబడి బెండు కట్టి బతికున్న రొయ్య వెయ్యి. మొన్న నేను చూశా."

నేనేమీ చూడలేదు. ఉప్పునీళ్లకి చచ్చి ఎముకల్లా తెల్లబడ్డ చెట్ల మధ్య ఉండే మడుగది. ఆ మధ్య వచ్చిన పెద్ద తుపాను తర్వాత అక్కడ కొయ్యింగలు తప్ప ఇంకో చేప పట్టినవాడు లేడు. నా గుంటకి సరిగ్గా ఎదుటి దిక్కున ఉందని దాన్ని ఎంచుకున్నాను. షాసాన్‌లు మొహాలు చూసుకున్నారు. వాళ్లు కదిలేసరికి వెనకే మిగతా పడవలూ కదిలాయి. రేవు ఖాళీ అయింది. ఇంజన్లు బాగుచేసే ఓక్తావ్ వెరెట్ ఒక్కడే ఒడ్డున నిలబడి, నూనె చేతులు గుడ్డకి తుడుచుకుంటూ, నా వంక చూసి తలూపాడు. ఓక్తావ్‌ది నా వయసే. ఎక్కువ మాట్లాడడు. ఆ తలూపడంలో ఏదో నవ్వు కనిపించింది గానీ పట్టించుకునే తీరిక నాకు లేదు.

గడ్డి మధ్య నుంచి వంకర దారుల్లో పోయి, నాన్న గుంట చేరి, లంగరు దించి, ముందుగా పడవలో రేడియో ఆపేశాను. సొంత చోటులో ఉన్నప్పుడు మేమంతా చేసే పనే అది. రేడియో పలికితే ఎక్కడున్నావని ఎవడో ఒకడు అడుగుతాడు. గాలం విసిరాను. బెండు నీళ్ల మీద కూర్చుంది. దాన్నోసారి చప్పుడయ్యేలా లాగాను. రొయ్య తుళ్లితే వచ్చే చప్పుడే అది, ట్రౌట్ ఆగలేదు దానికి. కూర్చున్నాను. ఎండెక్కింది. గూడబాతు ఒకటి నా పక్కనే వాలి, నా పెట్టె వంక ఆశగా చూసి, విసుగెత్తి లేచిపోయింది.

ఏమీ లేదు. ఎర మార్చాను, లోతు మార్చాను, పడవ అటు తిప్పాను, ఇటు తిప్పాను. నీళ్లు కదలడమే లేదు, టీలో పాలు పోసి వదిలేసినట్టున్నాయి. నాలో గుబులు మొదలైంది. అప్పుడే వెనక ఇంజన్ వినిపించింది. మా ఊళ్లో అంత మెత్తగా తిరిగే ఇంజన్ ఒక్కడిదే.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఓక్తావ్ నా పక్కకి వచ్చి, తన పడవని నా పడవకి తాడేసి కట్టేదాకా ఆగి, విరుచుకుపడ్డాను.

"ఇక్కడికెందుకొచ్చావయ్యా?"

"నువ్వు ఓక్‌ల మడుగు అన్నావు కదా. అందుకే ఇక్కడికొచ్చా."

"ఈ చోటు నీకెలా తెలుసు?"

"మీ నాన్న ఇంజన్ ఓసారి ఇక్కడే ఆగిపోయింది. బాగుచేయడానికి నన్నే పిలిపించాడు. అప్పటికి మనకి ఇరవయ్యేళ్లుంటాయేమో."

"ఇరవయ్యేళ్లప్పటి నుంచి తెలుసా? మరి ఒక్కసారి కూడా రాలేదే!"

"నన్నెవరూ పిలవలేదు."

ఇన్నేళ్లూ ఆ గుంట నా ఒక్కదానిదే అని మురిసిపోయాను. ఈ మనిషికి తెలిసి కూడా, ఇంత పాడు ఏడాదిలో కూడా, ఇటు తొంగి చూడలేదు. అయినా కోపం అంత తేలిగ్గా దిగదు నాకు.

"ఇవాళ మాత్రం ఎవరు పిలిచారు?"

"ఎవరూ పిలవలా. చీపురు సంగతి ఎల్ఫేజ్ చెప్పాడు. రూలు ప్రకారం మనిషికి రోజుకి పాతిక ట్రౌటే పట్టనిస్తారు. ఒకవేళ నీకు తగ్గాయనుకో, నేను పట్టినవి నీ పెట్టెలో..."

"నీ చేపలు నావని చెప్పుకోనా? లెక్కలో అబద్ధమా? నాన్న సమాధిలోంచి లేచొస్తాడు! సిగ్గుండాలి!"

"సరే, సరే. అరవకు. చేపలు బెదురుతాయి."

"ఉంటే కదా బెదరడానికి!"

అన్నాక నాకే నవ్వొచ్చింది. అతనూ నవ్వాడు. ఓక్తావ్ నవ్వితే భుజాలు మాత్రమే కదులుతాయి, చప్పుడు రాదు. తను తెచ్చుకున్న, వేయించిన ఆల్చిప్ప మాంసం పెట్టిన రొట్టె విరిచి సగం నాకిచ్చాడు. తింటూ గాలాలు వేశాం. నాకో జెల్ల పడింది, అతనికో పీత పడింది. పీత అతని వేలు పట్టుకుంటే అతను తిట్టిన తిట్లు విని కడుపు చెక్కలయ్యేలా నవ్వాను. నిజం చెప్పాలంటే ఒక్క ట్రౌట్ కూడా పడని ఆ పొద్దుటి కంటే హాయిగా నేను పడవలో ఎప్పుడూ కూర్చోలేదు. మధ్యమధ్య చీపురు గుర్తొచ్చేది, అంతే.

ఎండ నడినెత్తికొచ్చింది. ఇక లాభం లేదని లంగరు లేపాను, ఓక్తావ్ తన పడవలో నా వెనకే వచ్చాడు. దారిపొడుగునా మనసులో సిద్ధమవుతూనే ఉన్నాను. ఒక పాట. ఎంతసేపుంటుంది? పళ్లు బిగబట్టి చేసేయడమే.

రేవు మలుపు తిరిగేసరికి కేకలు వినిపించాయి. ముందు ఎవరికో ప్రమాదమనుకున్నాను. తీరా చూస్తే చేపలు కోసే పొడుగు బల్లల మీద ట్రౌట్ గుట్టలుగా పోసి ఉంది. వెండి రంగు ఒళ్లు, వీపు మీద నల్ల చుక్కలు, నోట్లో పసుపుపచ్చ రంగు. కుర్రాళ్ల దగ్గర్నుంచి ముసలాళ్ల దాకా అందరికీ మోచేతులు దాటి పొలుసులే. నన్ను చూడగానే అందరూ ఒక్కసారిగా "ఒడీల్!" అని అరిచారు.

పెద్ద షాసాన్ నీళ్లలోకే దిగి నా పడవ లాగాడు.

"నీ చేతులు కళ్లకద్దుకోవాలి ఒడీల్! ముందు నువ్వు మాకు టోపీ వేస్తున్నావనుకున్నాం. నా తమ్ముడైతే వెనక్కి పోదామన్నాడు. అక్కడ గాలికి ఒకటే పుచ్చకాయ వాసన!"

ట్రౌట్ రొయ్యల్ని మేస్తున్నప్పుడు నీళ్లపైకి నూనె జిడ్డు తేలుతుంది, దానికి పుచ్చకాయ వాసన వస్తుంది. ఆ వాసన పేరు వింటేనే మా వాళ్లకి ఒళ్లు పులకరిస్తుంది.

"తుపాను ఆ వెనక గట్టు తెంచేసింది కదా, సరస్సు నీళ్లు సూటిగా లోపలికొచ్చేస్తున్నాయి," అన్నాడు చిన్న షాసాన్. "మూడు రోజుల గాలికి ఉప్పూ వచ్చింది, రొయ్యలూ వచ్చాయి. నువ్వెలా కనిపెట్టావ్ తల్లీ?"

నేను కనిపెట్టలేదు. గట్టు తెగిందని కూడా నాకు తెలియదు. ఊరంతటినీ తప్పుదారి పట్టించడానికి ఓ అబద్ధం వేస్తే, ఆ అబద్ధం నిండా చేపలున్నాయి. నిజమైన చోటు నమ్ముకున్న నేనేమో జెల్ల పట్టుకొచ్చాను. నోరు తెరిచాను. అంతలో ఎల్ఫేజ్ పరిగెత్తుకొచ్చి నన్ను ఎత్తి గిరగిరా తిప్పేశాడు.

"అక్కా! కార్లీన్ వాళ్ల నాన్న బల్లల దగ్గరే నిలబడిపోయాడు, కదలట్లేదు! పాతికమంది కాదు, ఊరంతా తినొచ్చు! చీపురు లేదు! విన్నారా అందరూ, మా అక్కకి చీపురు లేదు!"

చీపురు లేదు. ఆ రెండు మాటలకి నా నోరు దానంతటదే మూసుకుపోయింది.

"మీరిద్దరూ మాకు కనపడలేదే? నీకెన్ని పడ్డాయి ఒడీల్?" అన్నాడు చిన్న షాసాన్.

నాకంటే ముందు వెనక నుంచి ఓక్తావ్ అందుకున్నాడు. "మేం ఆ చివర, చెట్ల అవతల ఉన్నాం. ఆవిడ చేపలు ఇందాకే బల్ల మీద పోసేశా. అడుగున ఉంటాయి చూడు."

"మరి నీకో?"

"పాతిక."

నేను గిర్రున తిరిగి చూశాను. ఓక్తావ్ తన పెట్టె మీద కూర్చుని ఉన్నాడు. ఆ ఖాళీ పెట్టె మీద, నిండుగా ఉన్నంత బరువుగా కూర్చున్నాడు. ఏదో మడుగులో పడ్డాయని అబద్ధమాడితే పట్టించుకోకపోదును. లెక్కలో అబద్ధమాడాడు. పొద్దున నేను అంత గడ్డిపెట్టిన మనిషి, అందరి ముందూ, కళ్లార్పకుండా. ఆ మడుగులో ఉండి ఒక్కటీ పడలేదంటే ఎవరూ నమ్మరు, ఎక్కడున్నావని తవ్వుతారు, నా బండారం బయటపడుతుంది. అందుకే. షాసాన్‌లు వచ్చి పెట్టె తెరుద్దామంటే, "ముందు మీవి కానివ్వండి" అంటూ కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు. కాసేపటికి చూస్తే మనిషీ లేడు, పెట్టే లేదు.

ఆ సాయంత్రం రేవు పక్కన నాలుగు పెద్ద మూకుళ్లలో నూనె కాగింది. మొక్కజొన్న పిండిలో కారం కలిపి, ట్రౌట్ ముక్కలు దొర్లించి, వేసినవి వేసినట్టు తీశాం. కార్లీన్ వాళ్ల నాన్న మొదట ఫోర్కుతో తిన్నాడు, తర్వాత చేత్తో తిన్నాడు, ఆ తర్వాత మూకుడు దగ్గరే నిలబడి తిన్నాడు. "నీ కాబోయే మొగుడు మాటమీద నిలబడే మనిషేనమ్మా," అని కూతురితో అంటే ఎల్ఫేజ్ ఒక అంగుళం పొడుగయ్యాడు. నేనూ కడుపునిండా తిన్నాను. అబద్ధమెందుకు, భలే రుచిగా ఉన్నాయి. ఓక్తావ్ మాత్రం విందుకి రాలేదు.

శనివారం పెళ్లి. చర్చిలో కార్లీన్ ఏడ్చింది, ఎల్ఫేజ్ అంతకంటే ఎక్కువ ఏడ్చాడు. అక్కడి నుంచి హాలుకి. అకార్డియన్, ఫిడేలు, తలుపులన్నీ బార్లా, బయట గడ్డి మీద ఇంకా ఎండ. పెళ్లి జంట డ్యాన్స్ కాగానే ఎల్ఫేజ్ కుర్చీ ఎక్కాడు.

"ఇప్పుడు చీపురు డ్యాన్స్ ఉండాలి. ఉండదు! మనందరికీ ట్రౌట్ చూపించింది మా అక్క. మా అక్కకి చీపురు లేదు!"

హాలు చప్పట్లతో మోగిపోయింది. నాకు ఏనుగెక్కినంత గర్వంగా ఉంది. నా బస్సు పిల్లలు వచ్చి కాళ్లకి చుట్టుకున్నారు. ఎవరో చేతిలో బీరు పెట్టారు. నేను గెలిచాను. ఇరవై ఆరేళ్ల తర్వాత మా ఇంటి పెళ్లిలో మొదటిసారి నేను మామూలు మనిషిలా నిలబడి ఉన్నాను.

అప్పుడు చూశాను ఓక్తావ్‌ని. గోడవారగా కుర్చీలో ఒక్కడే కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, ఒళ్లో తినని ప్లేటు. అటూ ఇటూ కుర్చీలు ఖాళీ. జనం అటుగా వెళ్లి, అతన్ని చూసి పక్కకి తిరుగుతున్నారు.

"ఓక్తావ్‌తో ఎవరూ మాట్లాడరేం?" అని పెద్ద షాసాన్‌ని అడిగాను.

"వాడితో మాటలేంటి? పాతిక చేపలు పట్టి, పెళ్లివారికి ఒక్కటి ఇవ్వకుండా ఇంటికి మోసుకుపోయాడు. ముష్టివాడు కూడా అలా చేయడు."

పక్కనే ఉన్న ఎల్ఫేజ్ మొహం చిన్నబుచ్చుకున్నాడు. "అదే అర్థం కావట్లేదక్కా. నా ఇంజన్ ఎన్నిసార్లు చెడిపోయినా వచ్చి బాగుచేసి, పైసా అడగడు. అలాంటివాడు నా పెళ్లికే ఇలా ఎందుకు చేశాడు? నిజంగా బాధేసింది."

ఈ మాటలు ఓక్తావ్‌కి వినపడ్డాయి. వినపడనంత దూరంలో లేడు. అతను తలెత్తి నా వంక చూశాడు, వద్దు అన్నట్టు కొంచెంగా తల అడ్డంగా ఊపాడు, మళ్లీ ప్లేటులోకి చూసుకున్నాడు.

నేను నోరు విప్పకపోతే చాలు, ఇక జన్మలో చీపురు ముట్టక్కర్లేదు, మా ఇంట్లో పెళ్లికావాల్సినవాళ్లు ఇంకెవరూ లేరు. కానీ రేపట్నుంచి రేవులో ఓక్తావ్‌ని పిసినారి అంటారు. పదేళ్లయినా అంటారు. మావాళ్లు దొంగతనాన్నైనా మరిచిపోతారు గానీ పెళ్లి విందుకి చేప ఇవ్వనివాణ్ణి మరిచిపోరు. ఆ మాట మోయడానికి ఆ మనిషి సిద్ధపడి కూర్చున్నాడు, నేను నవ్వులపాలు కాకూడదని. నాకు ఏడుపూ వచ్చింది, కోపమూ వచ్చింది. కోపమే ముందొచ్చింది.

ఎల్ఫేజ్ దిగిన కుర్చీ ఎక్కాను. బాజా ఆగింది.

"ఓక్తావ్ పెట్టెలో ఒక్క చేప లేదు!" అని అరిచాను. "నిన్న పొద్దుటి నుంచీ వాడికి పడింది ఒక పీత. నాకు పడింది ఒక జెల్ల. మీరంతా ఓక్‌ల మడుగులో ఉంటే మేమిద్దరం ఇంకోచోట ఈగలు తోలుకుంటూ కూర్చున్నాం. ఎక్కడని అడగొద్దు, చెప్పను. ఆ మడుగులో చేపలున్నాయని నాకు తెలియదు. మిమ్మల్ని వదిలించుకోవడానికి నోటికొచ్చిన చోటు చెప్పా. నేను చెప్పిందల్లా నమ్మి మీరు పెట్టెలు నింపుకున్నారు. నా సంగతి పూర్తిగా తెలిసినవాడు ఒక్కడే నా మాట నమ్మలేదు, వాడికి ఒక్కటీ పడలేదు. అదీ జరిగింది!"

ముందు పెద్ద షాసాన్ నవ్వడం మొదలుపెట్టాడు. వాడి నవ్వు గాడిద ఓండ్రపెట్టినట్టుంటుంది. ఆ వెనక హాలంతా విరగబడింది. ఫాదర్ బల్ల పట్టుకుని నవ్వాడు. కార్లీన్ వాళ్ల నాన్న పక్కవాణ్ణి, "ఏమైంది, ఏమైంది?" అని అడిగి, చెప్పించుకుని, అందరూ ఆపాక మొదలుపెట్టాడు.

"అయితే చేప తెచ్చినట్టా, తేనట్టా?" అన్నాడు చిన్న షాసాన్. "చోటైతే తనే చెప్పిందిగా!"

"తేనట్టే," అన్నాను. "పందెం పోయింది. చీపురేదీ?"

ఎల్ఫేజ్ కళ్లు తుడుచుకుంటూ, "వద్దులే అక్కా," అన్నాడు.

"ఇవ్వరా! మాటంటే మాటే."

చీపురు వచ్చింది. వెధవ కొత్తదే కొన్నాడు, పైగా రిబ్బను కట్టాడు. ఫిడేలు జంటలు తిరుగుతూ ఆడే వాల్ట్జ్ పాట ఎత్తుకుంది. చీపురు నడుము పట్టుకుని హాలు మధ్యలోకి నడిచాను. పళ్లు బిగబట్టాల్సి వస్తుందనుకున్నాను, అదేం రాలేదు. ఇన్నాళ్లూ ఈ హాల్లో వాళ్లు నన్ను చూసి నవ్వారు. ఇవాళ నేను చెప్పిన దానికి నవ్వుతున్నారు, నేనూ వాళ్లతో పాటు నవ్వుతున్నాను. "ముద్దు పెట్టు!" అని నా బస్సు పిల్లలు అరిస్తే, "సోమవారం బస్సెక్కుతారుగా, అప్పుడు చెప్తా మీ పని," అని అరిచాను. పాట సగంలో ఓక్తావ్ కుర్చీ ముందుకొచ్చి ఆగాను.

"లే," అన్నాను.

"నేనెందుకు?"

"ఎక్కడ అన్నదానికి అబద్ధమాడింది నేను. ఎన్ని అన్నదానికి ఆడింది నువ్వు. మిగతా సగం నీది."

చీపురు అతని చేతిలో పెట్టాను. ఓక్తావ్ వాళ్లింట్లో అందరికంటే చిన్నవాడు, పెళ్లి చేసుకోకపోయినా అతనికి ఈ అవస్థ ఎన్నడూ పట్టలేదు. చీపురుని ఎటు పట్టుకోవాలో కూడా తెలియలేదు, తలకిందులుగా పట్టుకున్నాడు. హాలు దద్దరిల్లింది. అతను మాత్రం నవ్వలేదు. కళ్లు మూసుకుని, గడ్డం కుచ్చుకి ఆనించి, ఒక్క అడుగు కూడా తప్పకుండా, పాట చివరిదాకా వాల్ట్జ్ చేశాడు. అంత బాగా చేస్తాడని నాకు తెలియదు. ఎల్ఫేజ్ వెళ్లి అతన్ని కావలించుకుని ఏదో చెవిలో చెప్పాడు. షాసాన్‌లు ప్లేటు నిండా ట్రౌట్ తెచ్చి, "ఇవిగో నీ పాతిక," అన్నారు.

అతను ప్లేటు తీసుకోలేదు. ఒగరుస్తూ, చెమటతో, చీపురు అలాగే పట్టుకుని నా దగ్గరికొచ్చాడు. ఫిడేలు ఇంకో పాట మొదలుపెట్టింది. ఏదో అడగాలని వచ్చి అడగలేక నిలబడ్డాడు. ఈ మనిషి పిలిస్తే తప్ప రాడు, ఆ సంగతి నిన్న పడవలోనే తెలిసింది నాకు.

"ఓక్తావ్," అన్నాను, "ఆ చీపురు గోడకి ఆనించి రా."

ఆనించి వచ్చాడు.